ముద్దను ఓర్చుకున్న ఒళ్లు: ఎముక సిమెంటు, మన రక్షక కణాలు

యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం
హైదరాబాద్ పాతబస్తీ



ఈ ఉపన్యాసం యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతికి. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఒంట్లోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఆ తర్వాత ఏటీపీనీ కనిపెట్టగలిగారు. 1940లో లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లి, తన బృందంతో ఫోలిక్ ఆమ్లం తయారీకీ, దాని పనికి అడ్డుపడే మందులకూ దారి వేశారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఆ మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. చిన్నపిల్లల రక్త క్యాన్సర్‌కు మందు వెతుకుతున్న రోజుల్లో పుట్టిన ఈ మందును ఇవాళ కీళ్లవాతం ఉన్నవాళ్లు వారానికి ఒక్కసారి చిన్న మోతాదులో మింగుతున్నారు. రక్షక కణాలు దారి తప్పి సొంత కీలునే కొరుకుతుంటే వాటిని శాంతపరిచే మందు అది. మందు ఆలస్యంగా అందినవాళ్లకూ, అందినా కీలు నిలవనివాళ్లకూ చివరికి కీళ్ల మార్పిడి చేస్తారు. ఆ కొత్త కీలును ఎముకకు బిగించేది చాలాసార్లు ఎముక సిమెంటు. అలా సుబ్బారావు గారి మందూ, సర్జన్ కలిపిన సిమెంటూ ఒకే మనిషి ఒంట్లో కలుస్తాయి. ఆ రెండూ తగిలేది ఒకే జాతి కణాలకు. ఇవాళ నేను మాట్లాడేది ఆ కణాల గురించే.

నా వృత్తి పాథాలజీ. సర్జన్ తీసిన కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూసి అందులో ఏం జరిగిందో చెప్పడం నా పని. ఆ పని చేసే మనిషిగా మీకు చెప్పదలచింది ఒక్క మాట: ఎముక సిమెంటు విషం కాదు, అలాగని ఒంటికి తెలియకుండా పడి ఉండే వస్తువూ కాదు. ఒళ్లు దాన్ని బతికున్నన్నాళ్లూ గమనిస్తూనే ఉంటుంది. ఆపరేషన్ ముగిసిందని ఆ కణాలు పని మానవు. కాబట్టి డిశ్చార్జి కాగితంతో మన బాధ్యతా ముగిసిపోకూడదు.

ఈ ఊరికి తెలిసిన పద్ధతి

ఈ మాట హైదరాబాద్‌లో చెప్పడానికి కారణం ఉంది. నయాపూల్‌కు అవతల, అఫ్జల్‌గంజ్‌లో పూర్వం ఒక దవాఖాన ఉండేది. అక్కడ పనిచేసిన రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో ఒకటి, 1889లో మరొకటి మత్తుమందు క్లోరోఫాంను పరీక్షించే కమిషన్లు ఈ నగరంలోనే పనిచేశాయి. రెండో కమిషన్‌కు నిజాం ప్రభుత్వం డబ్బిచ్చింది. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చి అందులో కూర్చున్నారు. మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, ముప్పు గుండె వైపు నుంచి రాదని కమిషన్ తేల్చింది. ఆ తీర్పు పూర్తిగా నిలబడలేదు. పల్చటి క్లోరోఫాం మత్తులో గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించారు. తీర్పు పోయినా పద్ధతి నిలబడింది. ఆపరేషన్ బల్ల మీదున్న మనిషి ఒంట్లోకి మనం పంపే పదార్థం అక్కడ ఏం చేస్తోందో చూడాలి, రాయాలి, నలుగురి ముందూ పెట్టాలి అన్నదే ఆ పద్ధతి.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఆ పాత దవాఖానను ముంచేసింది. ఏడో నిజాం కాలంలో విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో లేచినదే ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం. 1964లో నిజాం ట్రస్టు పంజాగుట్టలో ఎముకల చికిత్సకే ప్రత్యేకంగా నిజామ్స్ ఆర్థోపెడిక్ హాస్పిటల్ తెరిచింది. అదే ఇవాళ్టి నిమ్స్. 2020 జులైలో వాననీరు ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి వస్తే రోగులను ఖాళీ చేయించడం మీ కళ్ల ముందు జరిగింది. భవనాలకు కష్టాలు వస్తాయి, పోతాయి. చూసి రాసిపెట్టే అలవాటు మాత్రం పోకూడదు.

సిమెంటు ఎక్కడిది

ఎముక సిమెంటు అసలు పేరు పాలీమిథైల్ మెథాక్రిలేట్. కట్టుడు పళ్ల చిగుళ్లు, శుక్లాల ఆపరేషన్‌లో పెట్టిన తొలి తరం లెన్సులు, అన్నీ ఈ కుటుంబమే. యుద్ధ విమానాల పైలట్ల కళ్లలో గుచ్చుకున్న అక్రిలిక్ ముక్కలు ఏ మంటా పుట్టించకుండా ఉండిపోవడం గమనించి, 1949లో లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ మొదటి కృత్రిమ కంటి లెన్సు అమర్చారు. ఈ పదార్థాన్ని ఒళ్లు ఓర్చుకుంటుందన్న నమ్మకం అక్కడ బలపడింది.

తుంటి కీలుకు దీన్ని ఒక క్రమపద్ధతిలో తెచ్చినది ఇంగ్లండ్ సర్జన్ జాన్ చార్న్‌లీ. మాంచెస్టర్‌లో దంత పదార్థాల శాస్త్రవేత్త డెనిస్ స్మిత్ సలహాతో 1958లో ఆయన దీన్ని తొడ ఎముకలో వాడారు. ఇది జిగురులా అతికించదు. మెత్తటి ఎముకలోని సన్నని రంధ్రాల్లోకి చొచ్చుకుపోయి అక్కడే గట్టిపడి, లోహపు కాడకూ ఎముకకూ మధ్య సందు లేకుండా నింపుతుంది. ఒంటి బరువు ఒక్కచోట పడకుండా ఎముకంతటికీ పంచుతుంది. తుంటి విషయంలో సిమెంటు లేని కీళ్లు బాగా పెరిగినా, మోకాలి మార్పిడిలో ఇవాళ్టికీ ఎక్కువమందికి వాడేది సిమెంటే.

మామూలు ప్యాకెట్టులో 40 గ్రాముల పొడి, 20 మిల్లీలీటర్ల ద్రవం ఉంటాయి. పొడిలో పాలిమర్ గుళికలు, చర్యను మొదలుపెట్టే బెంజాయిల్ పెరాక్సైడ్, ఎక్స్‌రేలో తెల్లగా కనపడేందుకు బేరియం సల్ఫేట్ గానీ జిర్కోనియం డయాక్సైడ్ గానీ, చాలాసార్లు జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఉంటాయి. ద్రవంలో గట్టిపడి పాలిమర్‌గా మారే మోనోమర్, చర్యను వేగిరపరిచే ఒక అమీన్, నిలవ ఉంచే హైడ్రోక్వినోన్ ఉంటాయి. రెండూ కలిపాక పని ముగించడానికి ఉండేది కొద్ది నిమిషాలే. పాకం పట్టేవాళ్లకు తెలిసిన సంగతే ఇది: ముందు పడితే జారుతుంది, వెనక పడితే గడ్డకడుతుంది. గది వేడిగా ఉంటే గడువు ఇంకా తగ్గుతుంది. మన మే నెలలో థియేటర్ చల్లదనం సర్జన్ సుఖం కోసం కాదు, రోగి కీలు కోసం.

మొదటి నిమిషాలు, మొదటి వారాలు

సిమెంటు ఎముకలోకి వెళ్లగానే మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. మొదటిది వేడి. ప్రయోగశాలలో ఈ ముద్ద 70 డిగ్రీలు దాటగలదు. ఒంట్లో రక్తం, లోహం వేడిని లాగేస్తాయి గనుక అంత దూరం పోదు. రెండోది మోనోమర్. మొత్తం గట్టిపడదు. కొంత రక్తంలో కలిసి, చాలావరకు ఊపిరితిత్తుల దారిన బయటికి పోతుంది. మూడోది ఒత్తిడి. సిమెంటును నొక్కినప్పుడు మజ్జలోని కొవ్వు సిరల్లోకి తోసుకుపోయి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

రక్షక వ్యవస్థ ఆ క్షణంలోనే మేలుకుంటుంది. రక్తం తగిలిన వెంటనే ఫైబ్రినోజన్, ఆల్బుమిన్, కాంప్లిమెంట్ అనే రక్షక ప్రొటీన్లు సిమెంటు మీద పొరగా పరుచుకుంటాయి. అటుపైన వచ్చే కణాలు ప్లాస్టిక్‌ను తాకవు, ఆ పొరను తాకుతాయి. కాంప్లిమెంట్ తెగి సి3ఎ, సి5ఎ అనే ముక్కలు విడుదల అయితే రక్తనాళాలు సడలుతాయి, హిస్టమిన్ వస్తుంది. కొద్దిమందికి ఆ నిమిషాల్లో రక్తపోటు పడిపోతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, అరుదుగా గుండె ఆగుతుంది. తుంటి ఎముక విరిగి వచ్చిన ముసలివాళ్లకు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. అందుకే సిమెంటు వేసే ముందు సర్జన్ గట్టిగా చెప్పాలి, మత్తు డాక్టరు ఆ నిమిషం నుంచి మానిటర్ మీద నుంచి కన్ను తీయకూడదు. లారీ కాలం నాటి పాఠం ఇక్కడ నేరుగా పనికొస్తుంది, ఊపిరితో పాటు గుండెనూ కలుపుకుని.

తర్వాతి రోజుల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వస్తాయి, చెడిన కణాలను ఎత్తేస్తాయి, తగ్గుతాయి. వాటి వెనకే మాక్రోఫేజ్‌లు, అంటే పెద్ద భక్షక కణాలు, వస్తాయి. వేడికీ కోతకూ చనిపోయిన పల్చటి ఎముక పొరను కొత్త ఎముక వారాలు, నెలల మీద భర్తీ చేస్తుంది. కొన్నిచోట్ల ఎముక నేరుగా సిమెంటును ఆనుకుంటుంది, కొన్నిచోట్ల మధ్యలో సన్నని పీచు పొర మిగులుతుంది. చార్న్‌లీ, కీలు బాగా పనిచేస్తుండగా ఇతర కారణాలతో చనిపోయినవాళ్ల తొడ ఎముకలు కోసి చూసి, ఏళ్ల తర్వాత కూడా ఈ కలయిక ప్రశాంతంగా ఉండగలదని చూపించారు. రోగులు భయపడనక్కర లేదని నేను ధైర్యంగా చెప్పగలిగేది ఆ సాక్ష్యంతోనే.

ముద్ద వేరు, పొడి వేరు

మరి కొందరికి పదేళ్లకో పదిహేనేళ్లకో కీలు ఎందుకు వదులవుతుంది?

జవాబు ఒక పాత ప్రయోగంతో మొదలవుతుంది. 1882లో మెస్సినాలో జీవశాస్త్రవేత్త ఎల్యా మెచ్నికాఫ్ నక్షత్రచేప పిల్లలో గులాబీ ముల్లు గుచ్చి, సంచరించే కణాలు వచ్చి ఆ ముల్లు చుట్టూ మూగడం చూశారు. భక్షక కణాల శాస్త్రం అక్కడ మొదలైంది. మూసీ వరద వచ్చిన 1908లోనే ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ ప్రయోగంలోని అసలు సంగతి ఇది: మింగగలిగినంత చిన్నదైతే కణం మింగుతుంది. మింగలేనంత పెద్దదైతే కణాలు చుట్టూ చేరతాయి, ఒకదానితో ఒకటి కలిసిపోయి రాక్షస కణాలవుతాయి, పీచుతో కప్పి వదిలేస్తాయి. పెద్ద ముద్దను ఒళ్లు ఇలా ఓర్చుకుంటుంది. అదే పదార్థం పొడి అయితే కథ మారిపోతుంది.

చార్న్‌లీ దీన్ని కష్టంలోనే నేర్చుకున్నారు. తుంటి గిన్నెకు ఆయన మొదట టెఫ్లాన్ ఎంచుకున్నారు. వందలమందికి అమర్చాక అది రెండు మూడేళ్లలోనే అరిగి, ఆ పొడి చుట్టూ కణజాలం పేరుకుని కీళ్లు పాడయ్యాయి. ఆయన టెఫ్లాన్ ముక్కనూ, గట్టి పాలిథిలీన్ ముక్కనూ తన తొడలోనే పెట్టించుకుని చూసుకున్నారు. టెఫ్లాన్ చుట్టూ గడ్డ కట్టింది, పాలిథిలీన్ దగ్గర అంత గోల లేదు. 1962 నవంబరు నుంచి పాలిథిలీన్ గిన్నె వాడారు. ఇవాళ్టి కృత్రిమ కీళ్లకు పునాది అదే.

పాలిథిలీన్ అరుగుదల తక్కువే గానీ సున్నా కాదు. ప్రతి అడుగుకూ కంటికి కనపడని రేణువులు రాలతాయి. సిమెంటు పొరలోనూ సన్నని పగుళ్లు వచ్చి దాని రేణువులూ కలుస్తాయి. 1970లలో జర్మనీలో హాన్స్ గెయోర్గ్ విల్లెర్ట్ ఈ పొడికీ, దాని చుట్టూ చేరే కణాలకూ ఉన్న సంబంధాన్ని వివరించారు. 1983లో బోస్టన్‌లో స్టీవెన్ గోల్డ్రింగ్, విలియం హారిస్ బృందం వదులైన తుంటి కీళ్ల నుంచి సిమెంటుకూ ఎముకకూ నడుమ ఏర్పడిన పొరను తీసి పరీక్షించింది. అది మామూలు పీచు పొర కాదు. ప్రోస్టాగ్లాండిన్ ఇ2నూ, కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైమునూ చేసే చురుకైన పొర అని తేలింది. సుబ్బారావు గారు పనిచేసిన ఊళ్లోనే, కొలవడం తెలిసినవాళ్లే ఈ సంగతీ తేల్చారు.

ఆ రోజుల్లో దీన్ని సిమెంటు జబ్బు అన్నారు. సిమెంటు మానేస్తే జబ్బు పోతుందని సిమెంటు లేని కీళ్లు పెట్టారు. వాటి చుట్టూ కూడా ఎముక కరిగింది. దోషం సిమెంటు ఒక్కదానిదే కాదు, రేణువులది అని అప్పుడు ఒప్పుకోవలసి వచ్చింది. పది మైక్రాన్ల లోపు రేణువును, ముఖ్యంగా ఒక మైక్రాన్‌కు అటూ ఇటూ ఉన్నదాన్ని, మాక్రోఫేజ్ మింగుతుంది. కానీ ఏ ఎంజైమూ దాన్ని అరిగించలేదు. మింగిన కణం టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 1, ఇంటర్‌ల్యూకిన్ 6 అనే సంకేతాలు పంపుతుంది. వాటి ప్రభావంతో చుట్టుపక్కల కణాలు ర్యాంక్‌ఎల్ అనే ప్రొటీన్ ఎక్కువగా చేస్తాయి. ఆ ప్రొటీన్ అందితే మాక్రోఫేజ్ వంశపు కణాలే ఆస్టియోక్లాస్టులుగా, అంటే ఎముకను తినే కణాలుగా, మారతాయి. రేణువును మింగిన కణమూ ఎముకను తినే కణమూ ఒక తల్లి పిల్లలే. సిమెంటులో కలిపే బేరియం సల్ఫేట్ ఈ తినుడును పెంచగలదని ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన ప్రయోగాలు చూపించాయి. ఎక్స్‌రేలో కనపడటం కోసం కలిపినది కణాల లెక్కలో వేరేగా పలుకుతోందన్నమాట.

ఇందులో రోగి తెలుసుకోవలసిన అతి ముఖ్యమైన మాట: ఈ కరుగుడుకు చాలాకాలం నొప్పి ఉండదు. కీలు కదిలాకో, పల్చబడ్డ ఎముక విరిగాకో నొప్పి తెలుస్తుంది. అప్పటికి రెండో ఆపరేషన్‌కు ఆనవలసిన ఎముకే మిగలకపోవచ్చు. ఎముక కరుగుడును ఆపే మాత్ర ఏదీ ఇంకా నిత్య చికిత్సలోకి రాలేదు. ముందుగా పట్టేది ప్రధానంగా ఎక్స్‌రే.

గాజు పలక మీద కనపడేది

రెండో ఆపరేషన్‌లో తీసిన పొర ప్రయోగశాలకు వస్తుంది. మైనంలో బిగించే ముందు దాన్ని జైలీన్ అనే ద్రావకంలో ముంచుతాం. జైలీన్‌లో ఎముక సిమెంటు కరిగిపోతుంది. కాబట్టి పలక మీద సిమెంటు కనపడదు. అది ఉన్నచోట గుండ్రటి ఖాళీలు, వాటి అంచున వరసగా రాక్షస కణాలు, అక్కడక్కడ బేరియం నలుసులు కనపడతాయి. పాలిథిలీన్ మాత్రం కరగదు. ధ్రువీకృత కాంతిలో తళుక్కున మెరుస్తుంది. ఈ తేడా తెలియని విద్యార్థి ఆ ఖాళీలను కొవ్వు అని రాసేస్తాడు. మా విద్యార్థులకు నేను పదే పదే చెప్పేది, లేని వస్తువును చుట్టూ ఉన్న కణాలను బట్టి చదవమని.

ఆ కణాలు మూడు ప్రశ్నలకు జవాబిస్తాయి.

ఒకటి, ఇది అరుగుదలేనా? పొరంతా మాక్రోఫేజ్‌లు, రాక్షస కణాలే అయితే అరుగుదలే.

రెండు, చీము పట్టిందా? న్యూట్రోఫిల్స్ గుంపులుగా ఉంటే బ్యాక్టీరియా అనుమానం బలపడుతుంది. పెద్ద లెన్సు కింద కనీసం ఐదు చోట్ల, ఒక్కోచోట ఐదుకు మించి న్యూట్రోఫిల్స్ ఉండటాన్ని ఇన్ఫెక్షన్‌కు గట్టి గుర్తుగా తీసుకుంటారు. కృత్రిమ కీలు మీద బ్యాక్టీరియా బంక లాంటి పొర కట్టుకుని కూర్చుంటుంది, మందు చేరనివ్వదు. మోనోమర్ న్యూట్రోఫిల్స్ చురుకును తగ్గిస్తుందని 1970ల చివరి ప్రయోగాలు చూపించాయి. సిమెంటులో జెంటామైసిన్ కలపాలన్న ఆలోచనను హాంబర్గ్‌లో బుక్‌హోల్ట్జ్, ఎంగెల్‌బ్రెక్ట్ 1970లో ప్రకటించారు. కణాలు బలహీనపడే ఆ చోటనే మందు ఊరేలా చేయడం దాని ప్రయోజనం.

మూడు, ఇది ఎలర్జీనా? టి లింఫోసైట్లు రక్తనాళాల చుట్టూ దట్టంగా మూగితే, ముఖ్యంగా లోహం మీద లోహం రాసుకునే తుంటి కీళ్లలో, ఈ అనుమానం వస్తుంది. సిమెంటుకు సంబంధించి బెంజాయిల్ పెరాక్సైడ్, మోనోమర్, అమీన్, జెంటామైసిన్ ఎలర్జీ తేగలవు. కానీ ఇది అరుదు. చర్మం మీద ప్యాచ్ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన కీలు నొప్పికి అదే కారణమని చెప్పలేం. ముందు ఇన్ఫెక్షన్‌ను, వదులును, అమరిక లోపాన్ని తోసిపుచ్చాలి. సిమెంటు ఎలర్జీ ఎక్కువగా కనపడేది చేత్తో దాన్ని కలిపేవాళ్లలో, దంత ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లలో. మోనోమర్ మామూలు రబ్బరు గ్లవ్స్‌ను దాటి చర్మానికి చేరుతుంది. థియేటర్ సిస్టర్లు, టెక్నీషియన్లు ఇది గుర్తుంచుకోవాలి.

మన ప్రాంతంలో నాలుగో ప్రశ్న కూడా అడగాలి: క్షయ కాదు కదా? క్షయలోనూ రాక్షస కణాలే కనపడతాయి. కృత్రిమ కీలు చుట్టూ క్షయ అరుదే గానీ ఉంది. రాక్షస కణం కనపడగానే సిమెంటు ప్రతిచర్య అని రాసి ముగించకుండా, కణాలు కుళ్లిన చోట్లు వెతకాలి, ప్రత్యేక రంగు వేయాలి, కల్చర్‌కు పంపాలి.

మన ఇళ్లలో

సూక్ష్మదర్శిని వదిలి ఇళ్లలోకి వస్తాను. మోకాలి గుజ్జు అరిగిందని వచ్చే మనవాళ్లలో చాలామందికి సుగర్ ఉంటుంది. సుగర్ అదుపు తప్పితే న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి. ఆపరేషన్‌కు ముందు సుగర్ తగ్గించమంటే అది వాయిదా కోసం చెప్పే సాకు కాదు, చీము పట్టకుండా కాపాడే చికిత్స.

మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు ఆపరేషన్ అనగానే భయపడి మానేస్తుంటారు. అమెరికా కీళ్లవాత నిపుణులు, తుంటి, మోకాలి సర్జన్లు కలిసి 2017లో ఇచ్చిన సూచన ప్రకారం ఆ మందును మామూలుగా కొనసాగించవచ్చు. కొత్త బయోలాజిక్ ఇంజెక్షన్ల విషయం వేరు, వాటికి విరామం ఇస్తారు. మీ అంతట మీరు ఏదీ ఆపకండి, ఏదీ మొదలుపెట్టకండి, మీ డాక్టర్‌ను అడగండి.

పాతబస్తీ బతుకు నేల మీద సాగుతుంది. దస్తర్‌ఖాన్ ముందు కూర్చోవడం, సజ్దా, పూజ దగ్గర బాసింపట్టు, నేల మీద మరుగుదొడ్డి, అన్నింటికీ మోకాలు పూర్తిగా మడవాలి. కృత్రిమ కీలును అంత లోతుగా మడిచినప్పుడు ప్లాస్టిక్ అంచుల మీద భారం పెరుగుతుంది. జబ్బుచేసినవాళ్లు కూర్చుని నమాజు చదవవచ్చని మతమే అనుమతిస్తోంది. మసీదుల్లో కుర్చీలు వేస్తున్నారు, గుళ్లలోనూ వేయాలి. ఇది సిగ్గుపడాల్సిన సంగతి కాదు. ఆ కుర్చీ రేణువులను తగ్గిస్తుంది.

ఈ బస్తీలో ఎముకలు సరిచేసే పహిల్వాన్ల మీద జనానికి తరతరాల నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని నేను చిన్నబుచ్చను. కానీ మార్చిన కీలు వేడెక్కినా, వాచినా, కొత్తగా నొప్పి పెట్టినా మాలిష్‌కు వెళ్లకండి, ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగకండి. కీలులోంచి నీరు తీసి కల్చర్ చేయకముందే మందు పడితే బ్యాక్టీరియా దాక్కుంటుంది, రిపోర్టు నెగటివ్ వస్తుంది, చీము లోపలే ఉంటుంది. ఆ ఒక్క మాత్ర చేసే నష్టం నా పలక మీద ఎన్నోసార్లు కనపడింది.

రాసిపెట్టే అలవాటు

2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణల ప్రకారం మోకాలి మార్పిడి చేయించుకున్న వందమందిలో దాదాపు 82 మందికి ఆ కీలు 25 ఏళ్లు నిలుస్తోంది. తుంటిలో ఆ సంఖ్య 58. ఇంత ధైర్యంగా చెప్పగలగడానికి కారణం ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ ప్రతి కీలునూ రిజిస్టరులో రాసుకోవడమే. స్వీడన్ 1975లోనే మోకాలి రిజిస్టరు మొదలుపెట్టింది. మన దేశంలో కీళ్ల సర్జన్ల సంఘం రిజిస్ట్రీ నడుపుతున్నా అది స్వచ్ఛందమే.

రిజిస్టరు లేకపోతే ఏమవుతుందో మనం చూశాం. లోహం మీద లోహం రాసుకునే ఏఎస్ఆర్ తుంటి కీలును కంపెనీ 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. కోబాల్ట్, క్రోమియం రేణువులకు రక్షక కణాలు తిరగబడి కణజాలం చెడిపోతోందని తేలింది. మన దేశంలో వేలమందికి ఆ కీలు అమర్చారు. కేంద్రం నియమించిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చే నాటికి వాళ్లలో చాలామంది ఆచూకీ దొరకలేదు. ఒంట్లో ఏముందో రోగికి తెలియదు, రోగి ఎక్కడున్నాడో వ్యవస్థకు తెలియదు.

మంచి పనులూ జరిగాయి. వైద్య పరికరాల దుష్ఫలితాలను నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 జులైలో మొదలైంది. 2017 ఆగస్టు 16న కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరకు కళ్లెం వేసి, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం మోకాలికి పన్ను కాకుండా 54,720 రూపాయలు గరిష్ఠంగా నిర్ణయించింది. ధర తగ్గితే పేదింటి అమ్మకూ కొత్త మోకాలు అందుతుంది. అందిన మోకాలిని పాతికేళ్లు కాపాడాలంటే ధర ఒక్కటే తగ్గితే చాలదు.

అందుకే ఈ సభ ముందు నాలుగు కోరికలు పెడుతున్నాను. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ మొదలుకొని చిన్న నర్సింగ్ హోమ్ వరకు, కీలు కంపెనీ, సైజు, లాట్ నంబరు, సిమెంటు పేరు, అందులోని యాంటీబయాటిక్ పేరు ఉన్న కార్డును తెలుగు, ఉర్దూల్లో ప్రతి రోగి చేతిలో పెట్టాలి. తెలంగాణలో జరిగే ప్రతి కీళ్ల మార్పిడీ ఒక రిజిస్టరులోకి తప్పనిసరిగా ఎక్కాలి. నొప్పి లేకపోయినా డాక్టర్ చెప్పిన గడువులో ఎక్స్‌రే తీయించుకోవడానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఖర్చు లేని ఏర్పాటు ఉండాలి. రెండో ఆపరేషన్‌లో తీసిన ప్రతి పొరా పాథాలజీకి, కల్చర్‌కు రావాలి, చెత్తబుట్టకు పోకూడదు. సీసీఎంబీ లాంటి కణ పరిశోధన సంస్థ ఉన్న నగరంలో, సుగర్, క్షయ, కీళ్లవాతం మూడూ ఉన్న మన జనం కణాలు సిమెంటుకు ఏం జవాబిస్తున్నాయో మనమే చదవాలి. ఇతర దేశాల పలకల మీద మన రోగుల కథ దొరకదు.

సుబ్బారావు గారు ముందు కొలిచే పద్ధతి కట్టారు, ఆ తర్వాతే కనుక్కున్నారు. ఆయన పేరు మీద కూర్చున్న మనం కూడా ఆ వరసే పాటిద్దాం. ఇవాళ సభలో కీలు మార్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, రేపే మీ ఆసుపత్రికి వెళ్లి ఆ వివరాలు రాయించి తెచ్చుకోండి, చివరి ఎక్స్‌రే ఎప్పుడు తీశారో చూసుకోండి. ఇవ్వడానికి నిరాకరిస్తే పట్టుబట్టండి, అది మీ హక్కు. సర్జన్ మిత్రులారా, రోగులు అడగకముందే ఇవ్వండి.